ఆదిబాబు చేతి చౌమీన్

భుయ్యాడీహ్ బస్తీలో శైలజ అంటే గట్టి మనిషని పేరు. కుళాయి దగ్గర ఎవరైనా బిందె ముందుకు జరిపితే చాలు, "మాయన ప్లాంటులో ఫిట్టరు, తెలుసా?" అని మొదలెడుతుంది. ఫిట్టరుకీ బిందెకీ సంబంధం ఏమిటని అడిగే ధైర్యం ఎవరికుంది! అలాంటి శైలజ, ఆ ఫిట్టరు మీద అనుమానం వచ్చాక మాత్రం నోరు కుట్టేసుకుంది. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం మరి.

అనుమానం మొదలైంది మొగుడు ఆదిబాబు గోళ్ల దగ్గర. కాంట్రాక్టులో పనిచేసే ఫిట్టరు గోళ్లలో గ్రీజు లేకపోవడం ఎక్కడైనా ఉందా? పెళ్లినాడు కూడా నల్లగానే ఉన్నాయి. ఈమధ్య తళతళలాడుతున్నాయి. పొద్దున్నే హెల్మెట్ తగిలించుకుని సైకిలెక్కుతాడు, రాత్రికి చొక్కా నిండా వెల్లుల్లి వాసనతో దిగుతాడు. అన్నం పెడితే ఆకలి లేదంటాడు. ఎవత్తో వండి పెడుతోంది. చేతులు కూడా అదే కడుగుతోంది కాబోలు! అవునని తేలిన రోజున పిల్లని తీసుకుని మాంగో పేటలో ఉన్న అన్నయ్య ఇంటికి పోవడమే అనుకుంది శైలజ. కూతురు హాసిని బట్టలు సంచిలో సర్ది మంచం కిందికి తోసింది.

ఆదివారం హాసిని చౌమీన్ కావాలని పేచీ పెట్టింది.

"నాను సేత్తానుండు," అని ఆదిబాబు లేచాడు.

టీ కాచుకోవడం రాని మనిషి! శైలజ వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అతను నూడుల్స్ కాస్త పలుకు ఉండగానే దించి, వార్చి, చన్నీళ్లు పోసి, నూనె రాసి పళ్లెంలో పరిచాడు.

"ఇలా ఆరబెట్టకపోతే ముద్దయిపోద్ది," అన్నాడు, అడక్కుండానే.

"ఎవులు సెప్పారేటి?"

"ఫోన్లో సూసాను."

ఫోన్లో చూసి క్యాబేజీ అంత సన్నగా తరుగుతారా? కత్తి టకటకలాడుతుంటే అతని కళ్లు కిటికీ బయట ఉన్నాయి. ఇనప కడాయి పొగలొచ్చేదాకా కాల్చాడు. వెల్లుల్లి పడగానే, రోజూ చొక్కాలో వచ్చే వాసనే శైలజ ముక్కుకి తగిలింది. సాసు నూడుల్స్ మీద పోయలేదు. కడాయి అంచున పోసి చుయ్యిమనిపించి, రెండు గరిటెలతో ఎత్తెత్తి కుదిపాడు. ఒక్క పోగు కింద పడలేదు.

పక్కన నిలబడి ఎవరో నేర్పితే తప్ప ఇంత పనితనం రాదు. దొంగ సచ్చినోడు! అది ఎంత దగ్గరగా నిలబడి నేర్పిందో! శైలజకి ఏడుపొచ్చేసింది. ఇంక దాచుకోలేక, దాని పేరేమిటో చెప్పమని అడగడానికి నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే ఆదిబాబు కడాయి అంచున గరిటె టంగున కొట్టి, పళ్లెం అందుకుని, తలెత్తకుండా అడిగాడు.

"హాఫ్ యా ఫుల్, దీదీ?"

సగం ప్లేటా, ఫుల్ ప్లేటా అక్కా అని, బేరానికొచ్చినవాళ్లని అడిగినట్టు పెళ్లాన్ని అడిగేశాక గానీ తనేమన్నాడో అతనికే తెలియలేదు. మొహం పాలిపోయింది.

"ప్లాంటు గేట్ పాస్ ఆపేసారు, పని పోయింది శైలూ," అన్నాడు చివరికి. "అగ్రికో మార్కెట్లో చౌమీన్ బండి కాడ పని సేత్తన్నాను. మాయన ఫిట్టరు, మాయన ఫిట్టరు అని ఊరంతా సెప్పుకుంటన్నావు. నీకెలా సెప్పమంటావు?"

ఇంకో ఆడది లేదు. అయినా శైలజకి సంతోషం రాలేదు. తన గొప్పలే ఈ మనిషిని సొంత ఇంట్లో దొంగని చేశాయని సిగ్గుతో తల వాలిపోయింది. పీట లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఫుల్ పెట్టు మావా," అంది.