సుగుణమ్మ పేరున్న స్టీలు గ్లాసు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను నర్సుని. గుంటూరులో ట్రెయినింగ్ అయినప్పట్నుంచి అమెరికాలో రిటైరయ్యేదాకా ఆస్పత్రుల్లోనే బతికాను. పోయినవాళ్ళ కళ్ళు మూశాను, ఒళ్ళు తుడిచాను, శవాల గదికి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. ఏ ఒక్కరూ లేచి కూర్చోలేదు. మాది ప్రార్థన చేసుకునే ఇల్లే గానీ, తాయెత్తులూ దిష్టి తీయడాలూ మా గడప ఎప్పుడూ తొక్కలేదు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తన మేనమామ ఎలా పోయాడని అడిగినప్పుడల్లా "బైక్ యాక్సిడెంట్" అని ఊరుకునేదాన్ని. అది అబద్ధం కాదు, అలాగని జరిగిందంతా అదీ కాదు. మిగతాది ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఇలా రాస్తున్నాను.

రాజు నా తమ్ముడు. వాడికి ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. వాడికి అన్నం కలిపి పెట్టింది నేను, జడ్డి వెధవా అని తిట్టింది నేను, ఇక్కడ వెస్ట్ వర్జీనియాలో నాకు ఉద్యోగం స్థిరపడ్డాక యూనివర్సిటీలో సీటు తెప్పించి రప్పించుకుందీ నేనే. నా పెళ్ళికి ముందు మాట ఇదంతా. ఎనభైల మధ్యలో ఆ కొండల నడుమ చిన్న ఊళ్ళో మేమిద్దరమే ఉండేవాళ్ళం. చుట్టుపక్కల ఎక్కడా ఇంకో తెలుగు మొహం ఉండేది కాదు. తెలుగు మాట్లాడాలంటే నాకు వాడు, వాడికి నేను.

మౌంటెన్ బైకులు అప్పుడప్పుడే వస్తున్నాయి. లావుపాటి టైర్లు, అడ్డంగా చాచిన హ్యాండిలు. ఊళ్ళో సైకిల్ షాపు నడిపే రస్ అనే అతను రాజుకి అదొక పిచ్చిలా ఎక్కించాడు. తెనాలిలో కాలవగట్టు మీద అద్దె సైకిలు తొక్కినవాడికి ఈ కొండలు ఒక లెక్కా అనేవాడు మావాడు. మోచేతులు చెక్కుకుపోయి ఇంటికొస్తే అయోడిన్ పూస్తూ తిట్టేదాన్ని. నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా ఒళ్ళు మండేది.

ఆ వసంతంలో రస్ ఒక రేసు పెట్టాడు. అడవిలో ఒక్క మనిషి పట్టే కాలిబాట. రాళ్ళు, వేర్లు, బురద. ఒకవైపు కొండ, ఇంకోవైపు కింద వాగు. బాట పొడవునా చెట్లకి ఎర్ర రిబ్బన్లు కట్టారు. మధ్యలో వాగు మీద రెండు పలకల వంతెన ఉంది. అక్కడ ఒక చెక్‌పోస్టు పెట్టారు. వంతెన దాటకుండా ముందుకు పోవడానికి ఇంకో దారి లేదు. వచ్చిన ప్రతి ఒక్కరి సైకిలు నంబరూ చూసి, వాళ్ళు దాటారని రేడియోలో ఫినిష్ దగ్గరకి చెప్పాలి. ఆఖర్న ఒకతను రిబ్బన్లు విప్పుకుంటూ వస్తాడు. అతను వచ్చాడంటే వెనక ఇంకెవరూ లేరని అర్థం.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని ఆ వంతెన దగ్గర కూర్చోవడానికి నేను ఒప్పుకున్నాను. నా వార్డులోనే పనిచేసే బెట్టీ నాకు తోడొచ్చింది. నాకంటే పెద్దది, వాళ్ళాయన దగ్గర రేడియో వాడడం నేర్చుకున్నది. నేను నంబరు చెప్పాలి, ఆవిడ రేడియోలో చెప్పాలి.

ముందురోజు సాయంత్రం రాజు నాకో పని చెప్పాడు. "అక్కా, ఆ ప్లాస్టిక్ బాటిల్‌లో నీళ్ళు నాకు వెగటు. నువ్వు నిమ్మకాయ నీళ్ళు కలిపి తీసుకురా. ఉప్పు కాస్త ఎక్కువెయ్యి. స్టాప్ చేస్తే టైం పోద్ది, గ్లాస్ నింపి రెడీగా పట్టుకో."

"మహారాజుగారికి వెండి గ్లాసు కావాలా?" అన్నాను.

"స్టీల్‌ది చాలు," అన్నాడు.

మా ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసు ఒక్కటే. అమ్మది. సామాను కొన్నప్పుడు కొట్లోనే పేరు కొట్టించడం మనవాళ్ళకి అలవాటు కదా. దాని అంచు కింద చుక్కలు చుక్కలుగా "సుగుణమ్మ" అని ఉంటుంది. మిగతావన్నీ వదిలేసి అదొక్కటే పెట్టెలో వేసుకొచ్చాను.

రేసు రోజు తెల్లవారుజామున వాన పడి ఆగింది. వాగు నిండుగా పారుతోంది. ఆ హోరుకి పక్కనున్న బెట్టీతో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సి వచ్చింది. కాసేపటికి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందరి మొహాలూ బురదే. దిగి, సైకిలు భుజాన వేసుకుని పలకల మీద నడిచి, అవతల మళ్ళీ ఎక్కి పోతున్నారు. ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమే. ఈ మాట నేనే చెప్తున్నాను, తర్వాత ఎవరో వచ్చి నాకు నేర్పక్కర్లేదు.

రాజు నంబరు పదిహేడు. సగం మంది దాటాక వచ్చాడు. బురదలో పొర్లినట్టున్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. నంబరు పలక మీద ఏడు సగం మూసుకుపోయినా చదవగలిగాను. గ్లాసు అందించాను. తలెత్తి, గ్లాసు పైకెత్తి, పెదాలకి తగలకుండా గటగటా పోసుకున్నాడు. ఇక్కడ అలా తాగేవాళ్ళని నేను చూడలేదు. బెట్టీ నవ్వింది. "అదేంటి, కుండలోకి పోస్తున్నట్టు తాగుతున్నాడు?" అంది.

వాడు గ్లాసు నా ముందుకి చాపి, "ఇంకొంచెం పొయ్యక్కా," అన్నాడు.

గొంతు బొంగురుగా ఉంది. పోశాను. రెండోదీ అలాగే తాగాడు. దెబ్బలేమైనా తగిలాయేమోనని నర్సు కళ్ళతో చూశాను. కుంటడం లేదు, రక్తం లేదు. "మెల్లిగా పోరా," అన్నాను. గ్లాసు చేత్తో పట్టుకునే పలకలు దాటి, అవతల సైకిలెక్కి పోయాడు. అమ్మ గ్లాసురా అని వెనక నుంచి అరిచాను. వాగు హోరులో వినబడిందో లేదో. "పదిహేడు దాటాడు," అని బెట్టీ రేడియోలో చెప్పింది.

మధ్యాహ్నానికి రిబ్బన్లు విప్పే అతను వచ్చాడు. మేం సామాను సర్దుకున్నాం. మిగిలిన నిమ్మకాయ నీళ్ళు నేనే వాగులో పారబోశాను.

ఫినిష్ దగ్గర రాజు లేడు. పంక్చరై ఉంటుందన్నారు. తర్వాత దారి తప్పి ఉంటాడన్నారు. రస్ నా దగ్గరకొచ్చి, "వంతెన దాటడం నువ్వు కచ్చితంగా చూశావా?" అని అడిగాడు.

"నా చేత్తో నీళ్ళు పోశాను," అన్నాను.

అంతే. షెరిఫ్ ఆఫీసు పోలీసులూ ఊళ్ళో వాళ్ళూ అందరూ వంతెనకి అవతలి కొండ మీదకే పోయారు. సాయంత్రానికి రస్ ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నాకు చూపించాడు. అందులో స్టీలు గ్లాసు ఉంది. వంతెనకి చాలా అవతల, కొండ ఎక్కడం మొదలయ్యే చోట బాట మధ్యలో బోర్లా పడి ఉందట. "దీని మీద ఏవో చుక్కలున్నాయి, నీదేనా?" అన్నాడు.

సుగుణమ్మ. వేలితో తడిమి మరీ చదివాను. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజంగానే సంతోషించాను. వాడు అటే పోయాడు, ఇదిగో రుజువు, ఇంకా పైకి వెతకండి అని అందరికీ చెప్పాను. అలాగే ఇంకా పైకి పోయారు. ఆ రాత్రంతా వాన పడింది.

మర్నాడు చేపలు పట్టుకునే ముసలాయన ఒకడు వాడిని చూశాడు. వంతెనకి ఇవతల. మేం కూర్చున్న చోటికి కూతవేటు దూరంలో. బాట మలుపు దగ్గర కిందకి దొర్లి, వాగు పక్కన రోడోడెండ్రాన్ అనే దట్టమైన పొదల్లో ఇరుక్కుపోయాడు. సైకిలు వాడి కాళ్ళ మీద ఉంది. పదిహేడో నంబరు పలక హ్యాండిలుకి బిగించినది బిగించినట్టే ఉంది.

రిబ్బన్లు విప్పిన అతను ఆ మలుపు మీద నుంచే వచ్చాడు. పదిహేడు ఎప్పుడో దాటిపోయాడని చెప్పారు కాబట్టి కిందకి తొంగి చూడాల్సిన అవసరం అతనికి కనబడలేదు.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మా ఆస్పత్రి మనిషే. దాచకుండా చెప్పమని అడిగాను. తొడ ఎముక విరిగింది, తుంటి పగిలింది, లోపల్లోపలే రక్తం పోయింది. పడ్డాక ఒక్క అడుగు కూడా వేసి ఉండడు. తలకి ఏమీ కాలేదు. స్పృహలోనే ఉండి ఉంటాడు. ఆ రోజు సాయంత్రం దాకా, బహుశా చీకటి పడేదాకా బతికే ఉన్నాడు. అంటే వాడు అరిచి ఉంటాడు. అక్కా అని పిలిచి ఉంటాడు. నేను అక్కడ వాగు హోరు వింటూ, బెట్టీతో కబుర్లు చెబుతూ, నంబర్లు చదువుతూ కూర్చున్నాను.

సమాధి అయ్యాక రస్ చాలా రోజులు నా మొహం చూడలేదు. చూసినరోజు మాత్రం ఒక మాటన్నాడు. "మాకైతే మీరంతా ఒకేలా కనబడతారు. సొంత తమ్ముణ్ణి నువ్వే పోల్చుకోలేకపోతే మేమేం చేసేది?" రేసులో మా రంగు మనిషి ఇంకొకడు లేడని అతనికీ తెలుసు.

బెట్టీ అంతకంటే పెద్ద దెబ్బ కొట్టింది. "ఈవిడ చెప్పిన నంబరే నేను రేడియోలో చెప్పాను, నేను సరిగా చూడలేదు," అని షెరిఫ్‌తో చెప్పింది. తర్వాత ఒకరోజు లిఫ్టు దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను ఆపింది. "నేనూ చూశాను. గ్లాసెత్తి పోసుకోవడం చూశాను. కానీ చూశానంటే నన్ను కూడా పిచ్చిదాన్నంటారు. చెప్తే మాత్రం నీ తమ్ముడు తిరిగొస్తాడా?" అంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఖాళీ మంచం తోసుకుంటూ లోపలికి పోయింది. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

మీరు అడగబోయేవన్నీ నన్ను నేను అడిగి చూశాను. వంతెన దాటాక వెనక్కొచ్చి పడ్డాడా? మా ముందు నుంచే రావాలి. మేం అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంకెవడైనా వాడి నంబరు పెట్టుకున్నాడా? పలక వాడి సైకిలుకే ఉంది. పోనీ, ఎవడో అల్లరికి చేశాడనుకుందాం. ఆ అడవిలో "ఇంకొంచెం పొయ్యక్కా" అనేవాడు ఎవడు?

చర్చిలో పాస్టరు వాడి ఆత్మ నీ దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చిందన్నాడు. మనసుకి ఊరట కలుగుతుందనుకున్నాడు పాపం. నేను అతనికి లెక్క చెప్పాను. నేను నీళ్ళు పోసినప్పటికి మావాడు చచ్చిపోలేదు. కూతవేటు దూరంలో, విరిగిన తొడతో, ప్రాణంతో ఉన్నాడు. చావనివాడికి దయ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? అతను బైబిలు మూసి లేచాడు.

సెలవు తీసుకోవడానికే వచ్చిందైతే, వాడు పడిన చోటికి నన్ను తీసుకుపోవచ్చుగా. కనీసం అటు చెయ్యి చూపించొచ్చుగా. అది అలా చెయ్యలేదు. నా నీళ్ళు తాగి, మా అమ్మ గ్లాసు తీసుకుపోయి, వెతికేవాళ్ళని తప్పుదారి పట్టించే చోట పడేసి పోయింది. అది మా రాజే అనుకోవడానికి నాకు మనసొప్పదు. కాదనుకోవడానికి నా కళ్ళూ చెవులూ ఒప్పుకోవు. ఇన్నేళ్ళైనా నేను అక్కడే ఉన్నాను.

ఆ గ్లాసు ఇప్పటికీ నా అల్మారాలో వెనక ఉంది. మా అమ్మాయి ఒకసారి పేరు బాగుందని తీసి అందులో నీళ్ళు పోసుకోబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఎందుకు అరిచానో దానికి అర్థం కాలేదు.

డాక్టరు చెప్పినవాటిలో ఒకటి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేనే గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాను. వాడి కడుపులో ఏమీ లేదు. నాలుక ఎండి పిడచకట్టుకుపోయి ఉందట. మా తమ్ముడు దాహంతో పోయాడు. రెండు గ్లాసులు నా చేత్తో పోశాను. అవి ఎవరు తాగారో నాకు తెలియదు.