మంచం కింద నల్లపెట్ట

పెళ్లైన కొత్తలో గాజువాక అవతల మా అత్తవారింటికి వెళ్తే ఇల్లంతా గుసగుసల్లో మాట్లాడింది. రేడియో పెట్టలేదు. మా అత్తగారు మునివేళ్ల మీద నడిచొచ్చి, చప్పుడు కాకుండా కాఫీ గ్లాసు కింద పెట్టింది. కొత్తల్లుడి మర్యాదంటే ఇదీ అని తెగ పొంగిపోయాను.

భోజనం దగ్గర ఆ పొంగు చల్లారింది. కూర ఫారం కోడిది, దూది నమిలినట్టుంది. అల్లుడికి నాటుకోడి పెట్టకపోతే మావైపు ఏడాదిపాటు దెప్పుతారు. మూతి ముడుచుకుని వెళ్లి మంచం మీద ధబీమని కూలబడ్డాను. కింద ఏదో బుసకొట్టింది. వంగి చూస్తే గంపలో నల్లపెట్ట, గుడ్ల మీద కూర్చునుంది. వేలు పెడితే రక్తం వచ్చేలా పొడిచింది.

"మెల్లిగా కూకోవాల బాబూ. దడుసుకుని లేసిపోతాది" అంది మా ఆవిడ మామ్మ.

అంటే ఆ మర్యాదంతా పెట్టకన్నమాట. నాకు ఒళ్లు మండింది.

మా ఆవిడ పక్కకి పిలిచి సంగతి చెప్పింది. వాళ్ల ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కిందకి పోయింది. ఊళ్లో పెరటిపెరటికీ తిరిగిన నల్లకోళ్ల జాతిలో మిగిలింది ఈ పెట్టొక్కటే. పుంజు మొన్ననే లారీ కింద పడింది. ఈ గుడ్లు పిల్లలు కాకపోతే ఆ జాతి ఇక లేనట్టే.

ఉరుముకి గుడ్లు మురిగిపోకుండా గంపలో ఇనపముక్క వేయడం మనకి తెలిసిందే. అక్కడ ఉరుములు కాదు, ఫ్యాక్టరీ కోసం రోజూ మధ్యాహ్నం బండరాళ్లు పేలుస్తున్నారు. దానికి మేకు చాలదని మామ్మ గంప పక్కన గునపం పెట్టింది. తర్వాత కత్తిపీట, అట్లపెనం, చివరికి నా ట్రంకుపెట్టె. ఇంట్లో అట్లు లేవు, నాకు మార్చుకోడానికి చొక్కా లేదు. అయినా ఆవిడకి ధీమా చిక్కలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేటి పని సేత్తన్నావు బాబూ?"

"ఆ ఫ్యాక్టరీలోనే, కాంట్రాక్టరు కింద ఫిట్టర్ని."

"ఇనుము పనోడివే. అయితే పేలుళ్లప్పుడు మంచం దిగకు."

ఐటీఐ చదివినవాణ్ణి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ధన్‌మన్నప్పుడల్లా మామ్మ గుడ్లకేసి కాదు, నాకేసి చూసేది, నేనెక్కడైనా పగిలానేమోనని. సెలవు అయిపోయింది. కోడి పొదుగుతోందంటే నమ్మరని, జ్వరమని కబురు చేశాను.

ఒక పొద్దున్న గంపలో కిచకిచలు వినిపించాయి. రెండు గుడ్లు మురిగాయి, మిగతావన్నీ పిల్లలయ్యాయి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మామ్మ ఒక్కో పిల్లనీ అరచేతిలోకి తీసుకుని, పోయిన ఊళ్లోని ఇరుగుపొరుగుకి పంచడం మొదలెట్టింది.

"ఇది నూతికాడోలకి. ఇది సివరింటోలకి. ఇది దువ్వాడ ఎల్లిపోయిన మా తోటికోడలికి."

ఆఖరి పిల్లని నా చేతిలో పెట్టింది.

"నాకెందుకు మామ్మా? నాను మీ ఊరోణ్ణి కాదు కదా."

"నువ్వు రోజూ మా ఊరే ఎల్తావు కదా బాబూ. మమ్మల్ని గేటు లోనికి రానీరు. ఇది పెద్దయ్యాక ఒకపాలి మా పెరట్లో మేపి తీసుకురా."

"మీ పెరడు ఎక్కడో నాకేటి తెలుస్తాది?"

"దానికి తెలుస్తాది."

ఆ నేలంతా మేమే చదును చేసి కాంక్రీటు పోసేశామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అలాగే మామ్మా అన్నాను.