పేడకడి గుర్తు

నా జీవితంలో ఒక మనిషి మీద పీకల దాకా కోపం వచ్చిందంటే అది పుష్పావతి మీదే. బంటుమిల్లి అవతల, సముద్రపు గాలి తగిలే ఒక పశువుల బీడులో.

1997 మే నెల. బందరులో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో బీడు పిట్టల మీద పరిశోధన చేస్తున్నాను. తీతువులు చెట్టెక్కి గూడు కట్టవు. నేల మీదే, మట్టి రంగులో కలిసిపోయేలా గుడ్లు పెడతాయి. ఎన్ని గుడ్లు పిల్లలవుతున్నాయో తేలాలంటే ప్రతి గూటికీ ఒక గుర్తు ఉండాలి. నెల రోజులు ఎండలో మాడి ముప్పై ఎనిమిది గూళ్ళు వెతికాను. ఒక్కో గూటి దగ్గరా ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాను. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి బీడులో ఒక్క కర్రా లేదు.

గట్టు మీద ఒకావిడ ఏడు గేదెల్ని మేపుకుంటూ కూర్చుంది. పక్కనే నా కర్రలు, చక్కగా మోపు కట్టి ఉన్నాయి.

"ఇవి ఎవరు పీకారు?" అన్నాను.

"నేనేనండీ. మా బీడుకి కొలతలేస్తే చూస్తా ఊరుకుంటామా?"

అప్పుడు అర్థమైంది. ఆ చుట్టుపక్కల ఎర్రగుడ్డ కర్ర పాతారంటే రొయ్యల చెరువు తవ్వబోతున్నారని. పక్క ఊరి బీడు అలాగే పోయింది. ఈ అరవై ఎకరాలూ చెరువులకిమ్మని అప్పటికే అర్జీ వెళ్ళింది. జూన్‌లో రెవెన్యూ అధికారి చూడటానికి వస్తున్నారు. బీడు పోతే ఆమె గేదెలకి మేత లేదు, అమ్ముకోవడమే. నేనేమో ఇంత చదువూ చదివి, దూరానికి బాగా కనిపిస్తుందని ఎర్రగుడ్డ ఎంచుకున్నాను. బాగానే కనిపించింది!

"నేనూ బీడు కోసమేనండీ తిరుగుతోంది," అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ. "ఇక్కడ ఇన్ని పిట్టలు పిల్లల్ని చేస్తున్నాయని రుజువు చూపిస్తే ఆపుతారేమో. ఇప్పుడు ఏ గూడు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"గూళ్ళ కోసమా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. దానికి ఏడుపెందుకు, రండి," అని లేచింది.

వెతకడం లేదు, వంగడం లేదు. వీధిలో తెలిసినవాళ్ళ ఇళ్ళు చూపించినట్టు చూపిస్తూ పోయింది. ప్రతి గూటి పక్కనా ఒక పేడకడి ఉంది. నెల రోజులుగా నేను దాన్ని వట్టి పేడే అనుకుని దాటుకుంటూ తిరిగాను.

"పేడ ఉన్న చోట గేదె మూతి పెట్టదండీ. మూతి పెట్టకపోతే కాలూ పడదు. మా అత్త వేసేది, నేనూ వేస్తన్నాను."

నా ముప్పై ఎనిమిదీ చూపించి, నా కంటికి ఆనని మరో తొమ్మిది కూడా చూపించింది.

"తీతువు అరిస్తే అపశకునం అంటారుగా?" అన్నాను ఉక్రోషంగా.

"మన ఇంటి మీద అరిస్తే. ఇక్కడ దాని ఇంటికి మనమేగా వచ్చింది!"

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడంటే నాకు ప్రాణమైపోయింది. వారం తిరక్కుండానే ఆమె నాకు పుష్పావతి పిన్ని, నేను ఆమెకి 'నువ్వు'.

జూన్‌లో అధికారి వచ్చారు. జీపు దిగి బీడంతా ఒకసారి కలయజూసి, "పేడ తప్ప ఇక్కడ ఏముందమ్మా?" అంటూ అడుగు ముందుకేయబోయారు.

"అయ్యా, కాలు కింద పెట్టకండి!" అని పిన్ని అరిచింది.

ఆయన ఒంటికాలి మీద ఆగిపోయి కిందికి చూశారు. బూటుకి బెత్తెడు దూరంలో నాలుగు గుడ్లు ఉన్నాయి. మెల్లగా వెనక్కి జరిగి, "ఇలాంటివి ఎన్ని?" అని నన్నడిగారు.

"నలభై ఏడండీ."

మిగతా బీడంతా ఆయన పిన్ని అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. చివరికి పాతిక ఎకరాలు పశువులకి వదిలారు, మిగతావి చెరువులయ్యాయి. నేను బందరు వెళ్ళి రెండు రోజులు అన్నం తినలేదు. పిన్ని మాత్రం "పాతిక ఉందిగా," అని గేదెల్ని తోలుకుపోయింది.

పరిశోధన గ్రంథంలో పేడకడి గురించి రాస్తే మా ప్రొఫెసర్ కొట్టేశారు. నేను పోట్లాడి మళ్ళీ రాశాను. పిన్ని పేరు కూడా రాశాను.

2006లో మోకాళ్ళు సహకరించక పిన్ని గేదెలన్నీ అమ్మేసిందని తెలిసింది. ఆ మే నెలలో ఇక గుర్తులుండవనుకుంటూనే బీడుకి వెళ్ళాను. మొదటి గూటి పక్కనే పేడకడి, ఇంకా తడిగా ఉంది. దూరంగా పిన్ని, ఒక చేత్తో కర్ర పొడుచుకుంటూ, చంకలో పేడగంప పెట్టుకుని వస్తోంది.

"గేదెల్ని అమ్మేశావుగా పిన్నీ, ఇంకా ఎందుకు ఈ అవస్థ?"

"నావే అమ్మాను. ఊళ్ళోవాళ్ళవి వస్తన్నాయిగా, వాటికేం తెలుసు?" అని నిలబడి ఆయాసం తీర్చుకుంది. తర్వాత గంప నా చేతికిచ్చింది. "పదేళ్ళ నుంచీ రాసుకుంటానే ఉన్నావు. ఇక నువ్వు వెయ్యి."

నేను పుస్తకం సంచిలో పెట్టేసి, గంపలో చెయ్యి పెట్టాను.