మూతలు తీసిన డబ్బా

ఏ పార్టు చేతికిచ్చినా చలవక్క ముందు దాని మూతికి ముక్కు ఆనిస్తుంది. ఎక్కడిదని అడగదు, ఎంతని అడగదు. కళ్లు మూసుకుని ఒక్కసారి పీలుస్తుంది. నూనె వాసన తియ్యగా తగిలితే పార్టు బతికుందన్నట్టు. మాడుకంపు కొడితే లోపల కాలిపోయిందన్నట్టు. అప్పుడు కళ్లు తెరిచి ఇచ్చినవాడి వంక చూస్తుంది. చాలామంది ఆ చూపుకే పార్టు మళ్లీ సంచీలో వేసుకుంటారు.

పాత కార్లకు ఏసీ బాగుచేయడం ఆమె పని. చేసిన కంపెనీలు మూతపడ్డా, కొన్నవాళ్లు ముసలివాళ్లయిపోయినా, ఇంకా రోడ్డు మీద తిరుగుతున్న కార్లు. వాటిలో చల్లగాలి ఆగిపోతే ఊళ్లో మిగతా మెకానిక్కులు చేతులెత్తేసి ఆమె షెడ్డుకు దారి చూపిస్తారు. చలవక్క అని పేరు పెట్టినవాడెవడో ఆమె కోపం చూసి ఉండడు.

కోపమంతా సప్లయర్ల మీద. బిగించడం పెద్ద పని కాదు, పార్టు దొరకడమే పని. షట్టరెత్తి ఫోను పట్టుకుంటే మధ్యాహ్నం దాకా చెవి కాలుతూనే ఉంటుంది. కారు పేరు పూర్తిగా చెప్పకముందే "ఉందక్కా" అంటారు. ఏముందిరా అంటే, "మీరేదడిగితే అది" అంటారు. తెప్పిస్తే వేరే కారుది వస్తుంది. బోల్టు కన్నాలు కలవవు. ఇదేమిటంటే అందరిదీ ఒకటే మాట: "సేమ్ టు సేమ్ అక్కా."

తుక్కులోంచి తీసిన కంప్రెసర్‌కు నల్లరంగు కొట్టి కొత్తదని అంటగట్టినవాడూ ఆ మాటే అన్నాడు. రంగు ఇంకా ఆరలేదు. ఆమె దాన్ని ఆటోలో వేసుకుని వాడి కొట్టుకే వెళ్లింది. కొనడానికొచ్చినవాళ్లు చూస్తుండగా వాడి తెల్లచొక్కాకు ఆనించి తీసింది.

"ఇప్పుడు చొక్కా కూడా సేమ్ టు సేమ్. కొత్తదని అమ్ముకో," అంది.

ఆమె షెడ్డులో ఆ మాట ఎవరూ అనకూడదు. కారు ఏ పార్టుతో పుట్టిందో ఆ పార్టే వెయ్యాలి. ఇంకో కారుది తెచ్చి, కోసి, అతికించి, ఇరికించడమంటే ఆమెకు ఒళ్లుమంట. దొరికేదాకా వెతుకుతుంది. అదొక నియమం. రెండో నియమం గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది: గాలి కొట్టందే బల్ల ఎక్కదు. తుక్కు కొట్ల నుంచి వచ్చే పార్టుల్లో ఇసుక ఉంటుంది, ఎండిన బురద ఉంటుంది, ఒక్కోసారి బొద్దింకలుంటాయి. అందుకని వచ్చినదేదైనా ముందు గుమ్మం పక్క స్టూలు మీద ఆగాలి. మూతలన్నీ విప్పి, గొట్టంతో గాలి కొట్టి, తుడిచాకే బల్ల మీదికి పోవాలి.

ఆ పని మరిదిది. టైర్ల కొట్టు నడవక మూసేసి వదిన దగ్గర చేరాడు. తల నెరుస్తున్నవాడు. చెప్పిన పని చేస్తాడు, చేస్తూ నోరు మాత్రం ఊరుకోడు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక పెద్దాయన తన కారు తెచ్చాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. పక్కన ఆయన భార్య, తలమీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది. వెడల్పు తలుపులు, ఎత్తు సీట్లు ఉన్న పాత కారు అది. పెద్దావిడ మోకాళ్లు వంగవు. ఆవిడ ఎక్కగలిగే బండి ఇదొక్కటే. పైగా జబ్బుపడి లేచినప్పటినుంచి ఆవిడకు చెమట పట్టదు. ఎండ తగిలితే ఒళ్లు పెనంలా కాలి సొమ్మసిల్లుతుంది. సగం రోజు ప్రయాణమంత దూరంలో ఆవిడ అక్క మంచం పట్టి ఉంది. ఈ వేసవి దాటుతుందని డాక్టర్లు అనడం లేదు. రాత్రిళ్లు నడుపుదామంటే పెద్దాయనకు చూపు ఆనదు. కారు చల్లబడితే చెల్లెలు అక్కను చూస్తుంది. లేకపోతే లేదు.

"చూడ్డానికని కాదమ్మాయ్," అంది పెద్దావిడ. "చిన్నప్పటినుంచీ పేకలో నాతో దొంగాట ఆడింది. పోయేలోపు ఒక్కసారైనా పట్టుకోవాలి."

పెద్దాయన ఆవిడను ఇంట్లో దింపి వచ్చి, కారును షెడ్డులో వదిలాడు.

చలవక్క బానెట్ ఎత్తి అన్నీ చూసింది. అన్నీ బాగున్నాయి, డ్రయ్యర్ తప్ప. డ్రయ్యర్ అంటే ఏసీ గ్యాసులో తడి పీల్చే డబ్బా, చిన్న చెంబంత ఉంటుంది. దాని కడుపులో గుళికలుంటాయి. అవి తడి ఎక్కడున్నా తాగేస్తాయి, మామూలు గాలిలో తడి కూడా. అందుకే కొత్త డ్రయ్యర్ మూతులకు గట్టి మూతలు బిగించి అమ్ముతారు. కారులో పెట్టే క్షణం దాకా తియ్యకూడదు. తీసి వదిలేస్తే కాసేపట్లోనే కడుపునిండా తాగేసి ఇక ఎందుకూ పనికిరాదు. ఈ కారు డ్రయ్యర్ తుప్పుకు చిల్లుపడింది. అలాంటిది తయారుచేసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

వెతికింది. రోజులు పోయాయి. ఉందక్కా అన్నవాళ్లందరినీ తిట్టింది. పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేవాడు. చివరికి ఎవరో ఒక స్టోరాయన నంబరిచ్చారు. మూతపడిన ఫ్యాక్టరీ సామాను ఇంట్లో పేర్చుకుని కూర్చున్న ముసలాయన. ఉందా అంటే, "చూడాలమ్మా" అన్నాడు. ఆ మాటకే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ఆయనే ఫోను చేశాడు.

"ఒకటుంది. ఆఖరిది. మూతలు కదల్లేదు. మళ్లీ నన్ను అడక్కు తల్లీ, లేదు."

డబ్బా వచ్చింది. చలవక్క అట్టపెట్టె విప్పి రెండు చేతులతో పట్టుకుంది. ముక్కు ఆనించబోయి, మూతలు చూసి ఆగింది. మరునాడు సాయంత్రం కారు తీసుకెళ్లొచ్చని పెద్దాయనకు ఫోను చేసింది. డబ్బాను స్టూలు మీద పెట్టి, గ్యాసు సిలిండరు తేవడానికి బజారుకు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి డబ్బా బల్ల మీద మెరుస్తోంది. ఆమె తీసుకుని ముక్కు ఆనించింది. తుప్పునీళ్ల వాసన, గాలి కొట్టే గొట్టంలో ఉండే వాసన.

"మూతలేవి?"

"చెత్తలో పడేశా. ప్లాస్టిక్కువేగా," అన్నాడు మరిది. "ఇంత శుభ్రమైన పార్టు మన షెడ్డుకి ఎప్పుడూ రాలేదు వదినా. ఇసుక గింజ రాల్లేదు."

"ఎప్పుడు తీశావు?"

"నువ్వటు వెళ్లావు, నేనిటు తీశా."

సిలిండరు నేలమీద పెట్టిన చప్పుడుకు పక్క షెడ్డువాళ్లు తొంగిచూశారు.

"నీవి కళ్లా, తుక్కులో కొన్న అద్దాలా? డ్రయ్యర్‌కి గాలి కొడతార్రా ఎవరైనా? చంపేశావు కదరా దాన్ని!"

"ఎండలో పెడదాం. ఆరదూ?"

"ఆరెయ్, చొక్కాలా! క్లిప్పులు కూడా పెట్టు!"

"పోనీ కోయించి కొత్త గుళికలు పోయిద్దాం."

"అతుకేసిన పాత డబ్బా ఒత్తిడికి పేలితే ఆ కారులో ఉండేది నువ్వా, ఆ పెద్దావిడా?"

అతను చేతిలో గుడ్డ విసిరికొట్టాడు. ఇన్నాళ్లలో వదిన ముందు ఏదీ విసరలేదు.

"ఆ గోడమీద రాసిందెవరు? డ్రయ్యర్ తప్ప అని రాశావా? దాన్ని స్టూలు మీద పెట్టిందెవరు? గాలి కొట్టనిది స్టూలు మీద కనబడితే వేళ్లు విరుస్తానని రోజూ అరిచేదెవరు? నేను చేసింది నువ్వు చెప్పిన పనే. తప్పు చేస్తే తిట్టు, పడతా. చెప్పింది చేసినందుక్కూడా తిడితే ఎట్లా వదినా?"

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మిగతా కార్లకైతే డ్రయ్యర్లు బజారులో దొరికేవి. చలవక్కే కొనుక్కొచ్చి, నేరుగా కారు దగ్గరికే తీసుకెళ్లి బిగించేది. స్టూలు మీద డ్రయ్యర్ ఆగడం ఇదే మొదలు. ఆమె గోడ వంక చూసింది. ఎర్ర అక్షరాలు తనవే. కోపం ఇంకా పెరిగింది.

స్టోరాయనకు ఫోను చేసింది.

"లేదన్నానుగా తల్లీ. ఏం, బిగించలేదా?" అన్నాడాయన. ఆమె ఫోను పెట్టేసింది.

సాయంత్రం పెద్దాయన ఇంటికి నడిచి వెళ్లింది. ఇలాంటిది ఫోనులో చెప్పే మనిషి కాదు. కిటికీలకు తడిదుప్పట్లు వేలాడుతున్నాయి. గదిలో బకెట్ల నిండా నీళ్లు. ఫ్యాను వేడిగాలినే కలియబెడుతోంది. పెద్దావిడ నేలమీద కాళ్లు చాపి కూర్చుని ఉంది. పక్కన సర్దిన సంచీ, సంచీ మీద పేకముక్కల పెట్టె.

చలవక్క జరిగింది చెప్పింది. పెద్దాయన తల దించుకున్నాడు. పెద్దావిడ దించుకోలేదు.

"ఇంకోటి దొరకదా?"

"ఆ కారుది దొరకదు."

"ఆ కారుదని కాదు. ఏదైనా."

"ఇప్పుడొచ్చే చిన్న కార్లది బజారు నిండా ఉంటుంది. కానీ అది మీ కారుది కాదు. పైపులు కొయ్యాలి, పట్టీలు చేయించాలి. కారు పుట్టినప్పుడున్నట్టు ఉండదు."

"పెడితే చల్లగాలి వస్తుందా, రాదా?"

"వస్తుంది."

పెద్దావిడ ముఖం జేవురించింది. "వస్తుందా? మరి ఇన్నాళ్లూ నన్నీ గదిలో ఉడకబెట్టింది ఎందుకే తల్లీ? కారు పుట్టుక కోసమా? ఇవి చూడు!" మోకాలి మీద అరచేత్తో చరిచింది. "నేను పుట్టినప్పటివే. ఏం ఉద్ధరించాయి? డాక్టర్లు మార్చుకోమన్నప్పుడే మార్చుకుని ఉంటే ఈపాటికి బస్సెక్కి పోయేదాన్ని. మీరిద్దరూ చేరి ఆ డొక్కు కారుకి పూజలు చేస్తున్నారు, అక్కడ మా అక్క పోతోంది!"

"ఊరుకోవే, ఆమె మంచికే..." అన్నాడు పెద్దాయన.

"మీరు మాట్లాడకండి. ఒరిజినల్, ఒరిజినల్ అని నన్ను వండారు."

చలవక్కను ఆ ఊళ్లో అంతవరకూ ఎవరూ అంత మాట అనలేదు. గుమ్మం దాటి చెప్పులు వేసుకుంది.

దారంతా పళ్లు నూరుకుంటూ నడిచింది. ముందు పెద్దావిడ మీద, తర్వాత మరిది మీద, తర్వాత ఎవరి మీదో తెలియకుండా. ఇంట్లో కంచాలు చప్పుడయ్యాయి. "గ్యాసు ఎక్కడో లీకవుతున్నట్టుంది," అన్నాడు భర్త. ఎవరూ నవ్వలేదు. మేడ మీదున్న మరిది భోజనానికి దిగిరాలేదు.

తెల్లవారాక, బజారులో షట్టర్లు ఎత్తుతుండగా ఆమె అక్కడ నిలబడి ఉంది. చిన్న కారు డ్రయ్యర్ కావాలంది. కొట్టువాడు అట్టపెట్టె తీస్తూ, ఏ కారుకని అడిగాడు. చెప్పింది.

"దానికైతే అక్కా, ఇది సేమ్ టు..." ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"కాదు. నాకు తెలుసు. ఇవ్వు."

డబ్బా చేతికి రాగానే అలవాటుకొద్దీ ముక్కు దాకా ఎత్తింది. మూతలున్నాయి. దించింది.

షెడ్డు ముందు మరిది నిలబడి ఉన్నాడు, నిన్నటి చొక్కాతోనే. ఆమె డబ్బా అతని చేతుల్లో పెట్టింది.

"పైపులు కోసేదాకా దీన్ని ఎక్కడా పెట్టకు. పట్టుకునే ఉండు. మూతలు నువ్వే తీద్దువుగాని, నేను చెప్పాక."

"గాలి కొట్టాలా వదినా?" అన్నాడతను.

ఆమె అతని వంక చూసింది. అతను డబ్బాను గుండెలకు హత్తుకున్నాడు.

పైపు కట్టరు తీసుకుని, పెద్దాయన కారు బానెట్ ఎత్తి, పుట్టినప్పటినుంచీ దానికున్న పైపును కోయడం మొదలుపెట్టింది.