గీతలు లేని బొటనవేళ్లు

నా చిన్నప్పుడు నాకు మూడో తరగతి రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పే ఓపిక లేక మా పంతులు బదిలీ చేయించుకున్నాడు. ఆ వెంటనే నేను బడి మానేశాను. ఆ సంగతి తెలిస్తే పాపం ఉండిపోయేవాడేమో. అక్షరాలు నా బుర్రలో నిలవలేదు, ఊళ్లోవాళ్ల గుట్లు నా నోట్లో నిలవలేదు.

పుప్పాలగూడలో అప్పుడు అపార్ట్‌మెంట్లు లేవు, బండలు కొట్టే క్వారీ ఉండేది. ఒక మధ్యాహ్నం క్వారీ మేస్త్రీ మా ఇంటికొచ్చి, పని ఆపమని కూలీలకు చెప్పిందెవరని నన్ను ముద్దుగా అడిగాడు. చెప్పింది మా పక్కింటి అన్న. పేరు బయటపడితే ఆయన పని పోతుంది, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అది తెలిసీ నా నాలుక దురదపెట్టింది.

మా తాత నన్ను చీకటి అర్రలోకి పిలిచాడు. దీపపు మసి నా బొటనవేలికి రాసి గోడకు అద్దాడు, పక్కనే తన వేలూ అద్దాడు. నాది చీమలబారుల్లా గీతలు గీతలుగా పడింది. ఆయనది ఒట్టి నల్లమచ్చ. గోడకు చిల్లుపడి అవతలినుంచి ఎవరో చూస్తున్నట్టుంది.

"గిది నీదని ఎవలన్న పడ్తరు. నాది పట్టుమను సూద్దాం," అన్నాడు.

తెల్లదొరల కాలంలో ఆయన బొంబాయి రేవులో మూటలు మోశాడట. కూలీలంతా తిరగబడినప్పుడు తమ కోరికల కాగితం మీద వేలిముద్రలు వేయాల్సి వచ్చింది. హాజరు పుస్తకంలోని ముద్రలతో పోల్చి తిరుగుబాటు నడిపినవాళ్లను దొర ఏరేస్తాడని, అందరూ ముందే ఎర్రగా కాలిన ఇనుముకు బొటనవేళ్లు ఆనించారట. దొర ఒక్కరినీ పట్టలేకపోయాడు. చెబుతూ ఆ వేలు నా చెంపకు తాకించాడు. నున్నగా, చల్లగా, మనిషి చర్మంలా లేదు.

బయటికొచ్చి మేస్త్రీతో నాకు తెల్వదన్నాను.

మొన్న, నేనూ తాతనయ్యాక, ఆ రేవు కూలీల తిరుగుబాటు మీద ఊరూరా తిరిగే ప్రదర్శన బస్సు మాదాపూర్ వస్తే, అక్కడే ఆఫీసులో పనిచేసే నా మనవరాలు తీసుకెళ్లింది. లోపల ఎముకలు కొరికే ఏసీ. అద్దం కింద ఆ కాగితం, దాని నిండా నల్లమచ్చలు, ఒక్కదానిలోనూ గీత లేదు. మా తాతది ఏదని వెతికాను. దొరకలేదు. అద్దంలో నా ముఖం మీద ఆ మచ్చలన్నీ పరుచుకుని, ఎవరి పేరైనా చెప్పావా అని అడుగుతున్నట్టు చూశాయి. చెప్పలేదని మనసులోనే అన్నాను. నిజమే, ఆ రోజూ, ఆ తర్వాతా ఏ మేస్త్రీకీ ఎవరి పేరూ అందించలేదు.

భయం దాచుకోవడానికి మనవరాలితో వేళాకోళమాడాను. మీ ఆఫీసు తలుపు దగ్గర వేలు చూసే మిషనుంది గదా, మా తాతలాంటోళ్లను అది లోపలికి రానియ్యదు అన్నాను. వాళ్ల ఆఫీసులో రోజుకొకరిని ఉద్యోగంలోంచి తీసేస్తున్న రోజులవి. ఆ పిల్ల కాగితం మీదినుంచి చూపు తిప్పలేదు.

"రానియ్యకుంటేంది తాతా, ఎవర్ని బయటికి పంపాల్నో గూడ దానికి తెల్వది గద."