దేవదానం మాస్టారి మూడో పోటీ

1983 జనవరి శాసనసభ ఎన్నికల నాటికి నేను వరంగల్‌లో ఎన్నికల విభాగం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నాను. పల్లెల్లో పాతవాళ్ళు మమ్మల్ని ఇంకా నాయబ్ సాబ్ అనే పిలిచేవారు. మాకు రిటర్నింగ్ అధికారి ఆర్డీఓ గారు. నామినేషన్లు తీసుకోవడం మొదలు గెలిచినవారి చేతికి ధ్రువపత్రం ఇచ్చేదాకా చట్టం ముందు జవాబుదారీ ఆయనది, కాగితాల చాకిరీ మాది. నియోజకవర్గం పేరు చెప్పను. అప్పుడు పోటీ చేసినవారి కుటుంబాలు అక్కడే ఉన్నాయి.

బరిలో ఐదుగురు మిగిలారు. అసలు పోటీ ఇద్దరి మధ్యే. ఐదో పేరు దేవదానం మాస్టారిది. నెక్కొండకు ఆరేడు మైళ్ళ లోపలి ఊరు ఆయనది. మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయడం అది మూడోసారి.

మొదటిసారి, 1972లో, నేను అదే విభాగంలో జూనియర్ గుమాస్తాను. నామినేషన్ పత్రంలో తప్పులు దిద్దడమే మాకు పెద్ద పని. ఆయన పత్రంలో దిద్దడానికి ఒక్క అక్షరం దొరకలేదు. గుర్తు నిచ్చెన వచ్చింది. ఆయన నిజంగానే ఒక వెదురు నిచ్చెన భుజాన వేసుకుని ఊరూరా తిరిగారు. మైకు లేదు, వేదిక లేదు. చావడి గోడకు నిచ్చెన ఆనించి మూడో మెట్టు మీద నిలబడి మాట్లాడేవారు. చెప్పేది ఒకటే: చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళకు హైస్కూలు లేదు, ఆడపిల్లల చదువు ఏడో తరగతితో ఆగిపోతోంది. 1978లోనూ అదే నిచ్చెన, అదే మాట. చెల్లిన ఓట్లలో ఆరో వంతయినా రాకపోతే డిపాజిట్ పోతుంది. రెండుసార్లూ పోయింది.

మూడోసారి నామినేషన్ తెచ్చినప్పుడు, ఈ వయసులో ఈ తిరుగుడెందుకు మాస్టారూ అన్నాను.

"ఎలక్షన్ల టైముల్నే గద సారు పెద్దోళ్ళు నిలబడి ఇనేది. మిగతప్పుడు చెప్తే ఎవలింటరు?" అన్నారాయన.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పోలింగ్‌కు ముందు రోజు హన్మకొండలో ఒక కాలేజీ మైదానంలో సామగ్రి పంపిణీ జరుగుతోంది. బ్యాలెట్ పెట్టెలు, ఓటు పత్రాల కట్టలు, చెరగని సిరా సీసాలు లెక్క చూసుకుని సిబ్బంది లారీలు ఎక్కుతున్నారు. పదకొండు గంటలప్పుడు ఇద్దరు ప్రధాన అభ్యర్థుల్లో ఒకాయన ఏజెంటు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాడు. దేవదానం మాస్టారు ఆ ఉదయం చనిపోయారన్నది సారాంశం. పది నిమిషాలు గడవకుండానే రెండో ఆయన ఏజెంటు వచ్చాడు. అది అబద్ధమనీ, మాస్టారికి జ్వరం మాత్రమేననీ, ఓడిపోతామన్న భయంతో ఎన్నిక ఆపించాలని చూస్తున్నారనీ అన్నాడు.

అప్పటి చట్టం ప్రకారం పోటీలో ఉన్న ఏ అభ్యర్థి చనిపోయినా, స్వతంత్రుడైనా సరే, పోలింగ్ మొదలయ్యేలోపు ఆ సమాచారం అంది, అది నిజమని రిటర్నింగ్ అధికారికి నమ్మకం కుదిరితే, పోలింగ్ రద్దు చేయాలి. మర్నాడు ఉదయం ఎనిమిది దాటాక తెలిస్తే మాత్రం పోలింగ్ సాగిపోతుంది. అందుకే ఆ కొన్ని గంటలకు అంత విలువ.

ఆర్డీఓ గారు నన్ను పక్కకు పిలిచారు. మాస్టారి ఊరికి వెళ్ళి రమ్మని, విన్నది రాయొద్దు, చూసిందే రాయమన్నారు.

జీపులో కూర్చున్నంతసేపూ మాస్టారు బతికే ఉండాలని కోరుకున్నాను. ఆయన మీద ప్రేమతో కాదు. రెండు నెలల మా కష్టం వృథా కాకూడదని.

ఒంటిగంటన్నరకు ఊరు చేరాం. చర్చి పక్కన పెంకుటిల్లు. చూరుకు క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతోంది. ఏడుపు వినిపించలేదు. జనం గుమిగూడలేదు. వాకిట్లో మంచం మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు: ఊరి సర్పంచ్, మాస్టారి తమ్ముడు ఐజాకు, పోలీస్ పటేల్. ఊళ్ళో జనన మరణాల రిజిస్టరు రాయవలసినవాడు ఆ పటేలే.

"అన్నకు జెరమొచ్చింది సారు. ఇప్పుడే కన్నంటుకున్నది. లేపద్దన్నడు డాక్టరు" అన్నాడు ఐజాకు.

ఏ డాక్టరని అడిగాను. ఐజాకు సర్పంచ్ వైపు చూశాడు. సర్పంచ్ నా చెయ్యి పట్టుకుని వేపచెట్టు కిందికి తీసుకుపోయాడు.

"మీకాడ దాచుడెందుకు నాయబ్ సాబ్. రేపు పొద్దున ఎనిమిది దాటనియ్యుండ్రి. గెలిచేటి ఆయన మనుషులు ఊరికి హైస్కూలు ఇప్పిస్తమని మాటిచ్చిండ్లు. మాస్టరు ఇన్నేండ్లు అడిగింది గూడ గదే గద?"

ఉన్నమాట చెప్పాలంటే, ఆ క్షణాన అతని మాట నాకు న్యాయంగానే తోచింది. పోయినాయన ఎలాగూ రాడు. బడి వస్తుంది. లారీలు వెనక్కి తిప్పే పని తప్పుతుంది. నేను టీ తాగి, అభ్యర్థి నిద్రలో ఉన్నాడని చెప్పారు అని రాస్తే, రాసినదాంట్లో అబద్ధం కూడా ఉండదు.

అప్పుడే తలుపు తెరుచుకుని మాస్టారి భార్య మార్తమ్మ గడపలోకి వచ్చింది. సన్నటి మనిషి. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"లోపటికి రాండ్రి సారు" అంది.

"వదినె, జర ఆగు" అన్నాడు ఐజాకు.

"పొద్దటి సంది ఆగిన. ఏడ్వనియ్యకపోతిరి. చర్చిల గంట కొట్టనియ్యకపోతిరి. ఇంకెంత ఆగాలె?" అని నా వైపు తిరిగింది. "ముప్పై ఏండ్లు బడిల హాజరు పిలిచిండు సారు ఆయన. రాని పోరన్ని వచ్చిండని ఒక్కనాడు రాయలే. ఇప్పుడు లేని మనిషిని ఉన్నడని మీరు రాసుకుంటరా?"

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. మాస్టారు మంచం మీద ఉన్నారు. ఛాతీ దాకా దుప్పటి కప్పి ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. ఎవరైనా తొంగి చూస్తే జ్వరమనుకోవాలని వేసిన గుడ్డ అది. మార్తమ్మ దాన్ని తీసి, పిండి, తలాపున ఉన్న గిన్నె అంచు మీద ఆరేసింది. ఆయన నుదురు కొంగుతో తుడిచింది.

నేను డాక్టరును కాను. అందుకని జీపు నెక్కొండ పంపి సర్కారు డాక్టరును పిలిపించాను. ఆయన చూసి, ప్రాణం పోయి ఆరేడు గంటలైందని రాసిచ్చాడు. పటేల్ రిజిస్టరు తెచ్చాడు గానీ కలం తీయలేదు.

"రేపు రాస్త సారు. గా పెద్దమనుషులతోని నాకు రోజూ పనుంటది" అన్నాడు.

నాకూ ఉంటుందన్నాను. తెలిసిన మరణం రాయకపోతే దానికి జవాబు చెప్పేది వాళ్ళు కాదు, నువ్వేనని కూడా చెప్పాను. రాశాడు. మార్తమ్మ తన వాంగ్మూలం చదువుకుని సంతకం చేసింది.

జీపు ఊరి పొలిమేర దాటుతుండగా చర్చి గంట మోగడం మొదలైంది. ఆ వెంటనే ఇంటి నుంచి ఒక్కసారిగా ఏడుపు లేచింది. గంట కొట్టింది ఐజాకేనని తర్వాత పటేల్ చెప్పగా తెలిసింది.

ఐదు గంటలకు హన్మకొండ చేరాను. నా నివేదిక చదివి ఆర్డీఓ గారు రద్దు ఉత్తర్వు మీద సంతకం చేశారు. పోలీసు వైర్‌లెస్ ద్వారా ఠాణాలకు కబురు వెళ్ళింది. దూరపు ఊళ్ళకు పోయిన సిబ్బంది కొందరు మర్నాడు మధ్యాహ్నానికి గానీ తిరిగి రాలేదు. వాళ్ళు నన్ను తిట్టుకున్నారు. కాదనను.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ పోలింగ్ జరిగింది. ఓటు పత్రాలు కొత్తగా అచ్చు వేయించాం. గెలుస్తాడని అందరూ ముందే అనుకున్నాయనే గెలిచాడు. హైస్కూలు ఆ ఊరికి రాలేదు. చాలా ఏళ్ళకు పక్క ఊరికి వచ్చింది. నేను సర్పంచ్ మాట వినివుంటే వచ్చేదా అన్నది నాకు తెలియదు. మాట ఇచ్చినవాళ్ళు నిలబెట్టుకునే రకమో కాదో కూడా తెలియదు.

ఆ తర్వాత చట్టం మారింది. ఇప్పుడు స్వతంత్ర అభ్యర్థి చనిపోతే పోలింగ్ ఆగదు. ఒక్కరి మరణంతో అంత యంత్రాంగం ఆగిపోవడం మంచిది కాదన్నారు. ఆ వాదనలో పస ఉంది. నేను తప్పు పట్టను.

ఆ రోజు నేర్చుకున్నది చెబుతాను. మా ఉద్యోగంలో అబద్ధం రాయకుండానే నిజాన్ని తప్పించుకునే దారులు చాలా ఉంటాయి. అవి ఎంత సులువో, ఎంత సబబుగా కనిపిస్తాయో ఆ వేపచెట్టు కింద తెలిసింది. అక్కడ నా విధి గుర్తుంచుకున్నది నేను కాదు, మార్తమ్మ. తర్వాత నా కింద పనిచేసిన ప్రతి గుమాస్తాకూ ఈ సంగతి అదీ దాచకుండా చెప్పాను.