ముగ్గురు క్రికెటర్ల పక్కన నా కుర్చీ

ఆ రోజుల్లో మా లైనులో పుట్టినరోజన్నది బడిలో అడిగితే చెప్పడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. ఇప్పుడైతే కేకు కొయ్యకపోతే పిల్లలు అన్నం మానేస్తున్నారు గానీ, అప్పట్లో ఆ తారీకు ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్ళిపోయేదో మాకే తెలిసేది కాదు. లైనంటే ఏటో అనుకోకండి, కలకత్తాలో మునిసిపాలిటీ పనోళ్ళకిచ్చిన క్వార్టర్లు. అందరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినోళ్ళమే. మా అయ్యది రోడ్లు ఊడ్చే పని. మ్యాచి రోజుల్లో ఈడెన్ క్రికెట్ మైదానం ముందు రోడ్డు ఆయనకి పడేది. గోడవతల జనం ఒక్కసారి అరిచారంటే చీపురు చేతిలోంచి జారిపోద్దని చెప్పేవోడు. "లోపల ఎలగుంటాదయ్యా" అనడిగితే "ఏటో, నాకు గేటు వరకే తెలుసు" అనేవోడు. ఆ గేటు దాటి నేను చూడాలి, చూసొచ్చి అయ్యకి చెప్పాలి అన్నది నా పిచ్చి. (నాకప్పుడు బ్యాటు ఏ చివర పట్టుకుంటారో కూడా సరిగ్గా తెలీదు. అది వేరే సంగతి.)

మా లైను ఎదురుగా బెంగాలీవాళ్ళ పాడా క్లబ్బు, అంటే పేట క్లబ్బు. అక్కడొక దాదా (వాళ్ళ భాషలో అన్న) ఉండేవాడు, ఎండాకాలం తప్ప మిగతా ఏడాదంతా మంకీ టోపీలోనే ఉండేవాడు. ప్రపంచంలో ఏ క్రికెటరు ఎప్పుడెన్ని కొట్టాడో చెప్పేవాడు కాబట్టి మేమంతా స్కోర్ దాదా అనేవాళ్ళం. క్రికెటర్ల పుట్టినరోజులు చెయ్యడం ఆయనకి పూజతో సమానం. ఫోటోకి దండ వేసి, అగరొత్తి వెలిగించి, పాయేష్ వండించి పంచేవాడు. పాయేష్ అంటే మన పరవాణ్ణమే, కొత్త బెల్లం వేసి వండుతారు. దానికోసమే మేం క్లబ్బు గుమ్మం వదిలేవోళ్ళం కాదు.

ఆ చలికాలం ఒక సాయంత్రం స్కోర్ దాదా క్యారమ్ బోర్డు దగ్గర నిలబడి చెప్తున్నాడు. వచ్చేవారంలో పడే ఒక తారీకునే ముగ్గురు క్రికెటర్లు పుట్టారంట. ఒకడు తాతలకాలం ఆస్ట్రేలియా వోడు, ఒకడు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలరు, ఒకడు మన దేశం స్పిన్నరు. మూడు కాలాలు, మూడు దేశాలు, ఒకటే తారీకు. నా నోరు ఊరుకుంటాదా. "అది నా పుట్టినరోజు కూడా దాదా" అనీసాను. ఆయన మంకీ టోపీ తీసీసాడు. టోపీ లేకుండా ఆయన్ని చలికాలంలో చూడ్డం అదే మొదలు, నాకు భయమేసింది. "నిజమేనా ఖుకీ? బడిలో కూడా ఇదేనా?" అనడిగాడు. (ఖుకీ అంటే వాళ్ళ భాషలో చిన్నపిల్ల.) ఇదే అన్నాను. తర్వాత క్లబ్బుకి ఈడెన్‌లో టెస్టు మ్యాచి టిక్కెట్టు ఒకటి ఎక్కువొచ్చిందనీ, చీటీలేసి ఇద్దామనుకున్నాననీ, ఇప్పుడు చీటీల్లేవనీ, అది ఈ నాలుగో మనిషిదేననీ చెప్పీసాడు. ఆ వారమంతా నేను నేలమీద నడవలేదు.

ఆ రోజు రానే వచ్చింది. బల్లమీద మూడు ఫోటోలు, మూడింటికీ బంతిపూల దండలు. వాటి పక్కన కుర్చీ వేసి నన్ను కూకోబెట్టి, నాకూ దండ వేసి, నుదుట గంధం పెట్టి, ముందుగా పాయేష్ ఇచ్చారు. స్కోర్ దాదా ఒక్కొక్కళ్ళ గొప్పలు చెప్తూ, ఆస్ట్రేలియా వోడితో మొదలెట్టి వెస్టిండీస్, మన స్పిన్నరు దాటి నా దగ్గరికి వస్తున్నాడు. అప్పుడు మా పక్కింటి పొట్టిగాడు గిన్నె పట్టుకుని లేచాడు. "దాదా, నాదీ ఇయ్యాలే." వాడి వెనకాల బుల్లి లేచింది. "నాదీనూ." బుల్లి అక్క కూడా లేచింది. ఆ అక్క నాకన్నా జానెడు పొడుగు. ఇంక ఒకళ్ళని చూసి ఒకళ్ళు, లైను పిల్లలంతా గిన్నెలెత్తి నిలబడ్డారు. అబద్ధమాడుతున్నారనుకుందామంటే, బడిలో అందరిదీ అదే తారీకని అప్పుడు నాక్కూడా గుర్తుకొచ్చింది. నోట్లో పాయేష్ నోట్లోనే ఉండిపోయింది, మింగలేదు.

"మీ లైనులో పిల్లలందరూ ఒక్కరోజే పుడతారా?" అన్నాడు స్కోర్ దాదా.

ఈలోగా మా మామ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. మనలో దండ వేసిన ఫోటో అంటే పోయినోళ్ళే కదా. మూడు దండల ఫోటోలు, నాలుగోది మెళ్ళో దండతో నేను. "ఓలమ్మో, సచ్చిపోయినోళ్ళ వరసలో నా మనవరాల్ని కూకోబెట్టారేటి" అని వచ్చి దండ లాగీసింది. పుట్టినరోజు మామ్మా అని నేను ఏడుపు గొంతుతో చెప్తే ఇంకా ఆశ్చర్యపోయింది. "ఈ రోజేటే నీ పుట్టినరోజు? నువ్వు ముసురులో పుట్టావే. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి, మంచం కిందకి చేప ఈదుకుంటూ వచ్చింది. మంత్రసాని నిన్ను నాకిచ్చీసి ముందు చేపని పట్టింది."

"చేపా?" అన్నాడు స్కోర్ దాదా.

"అవును బాబూ. పులుసు కూడా ఎట్టాం."

"మరి ఈ తారీకు ఎవరిది?"

వెనకబెంచీలో పాయేష్ తింటున్న మా తెలుగు బడి మేస్టారు గిన్నె కింద పెట్టి, తప్పు చేసిన పిల్లాడిలాగ లేచారు. "అది నాదండీ" అన్నారు. "పిల్లల్ని బడిలో వెయ్యడానికి తీసుకొచ్చినప్పుడు, ఎప్పుడు పుట్టిందమ్మా అంటే ఒకామె నీళ్ళొచ్చిన రోజంటాది, ఒకామె కాళీపూజ మర్నాడంటాది. ఏ సంవత్సరమంటే మొహాలు చూసుకుంటారు. నాకు గట్టిగా తెలిసిన తారీకు ఈ లోకంలో అదొక్కటే. అదే అందరికీ రాసీసాను."

ఇన్నాళ్ళూ నాది అనుకున్నది మా మేస్టారిది. అది కూడా లైనంతకీ పంచిపెట్టింది. స్కోర్ దాదా మంకీ టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయనకి క్రికెట్టులో అన్యాయమంటే పడదు. "అయితే నాలుగో మనిషి మీరే మాస్టర్‌మోశాయ్" అని టిక్కెట్టు తీసి ఆయన చేతిలో పెట్టీసాడు. మేస్టారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఏ స్టేషన్‌కండీ ఇది" అనడిగారు.

మ్యాచి రోజు మేస్టారు రుమాల్లో మరమరాలు కట్టుకుని వెళ్ళారు. మధ్యాన్నానికల్లా లైనులో ఉన్నారు. స్కోర్ దాదా రేడియో వదిలి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది, లోపలికి పోనివ్వలేదా?" మేస్టారు చాలా నెమ్మదిగా, "అయిపోయింది కదండీ. అందరూ చప్పట్లు కొట్టారు, ఆడేవాళ్ళు లోపలికెళ్ళిపోయారు, నేనూ వచ్చీసాను" అన్నారు. అది ఆట మధ్యలో భోజనాలకిచ్చే విరామం. స్కోర్ దాదా మా వీధి కుళాయి గట్టుమీద కూలబడిపోయి, మామ్మ ఇచ్చిన నీళ్ళు తాగాడు.

ఆ రాత్రి మేస్టారు మా మంచమ్మీద కూర్చుని అయ్యకి లోపలెలగుంటాదో చెప్పారు. గడ్డి ఎంత పచ్చగా ఉందంటే అక్కడొక్క మేకైనా లేకపోవడం పాపమన్నారు. ఆ అరుపు తన పక్కనుంచే లేచేసరికి తనూ లేచి అరిచీసారంట, ఎందుకో తెలీకుండానే. అయ్య నోరు తెరుచుకుని విన్నాడు. నేను చెప్పాల్సిన కబురు అది. నేను గోడవైపు తిరిగి పడుకుని, చెవులు మాత్రం ఇటే పెట్టాను.

మేస్టారు రిటైరై హౌరాలో రైలెక్కి ఊరెళ్ళిపోయి చాన్నాళ్ళయింది. ఆయన తారీకు మాత్రం మా అందరి దగ్గరే ఉండిపోయింది. ఈడెన్ గేటు నేను ఇప్పటికీ దాటలేదు. కానీ ముసురు పట్టి లైనులోకి నీళ్ళొచ్చినప్పుడల్లా, అందరూ సామాన్లు పైకెత్తుకుంటుంటే నేనొక్కదాన్నే మంచమెక్కి, కాళ్ళు పైకి లాక్కుని, కిందకి వంగి చూస్తుంటాను. ఇంత మనిషినయ్యాను కదా, ఎవరైనా చూస్తే నవ్వుతారు. అయినా చూస్తాను. చేప వస్తే అదే నా తారీకు, ఆ రోజు ఇంకా ఏ క్రికెటరు పుట్టాడో స్కోర్ దాదాని అడగాలి.